బంధుత్వం అన్న గడి

ఆవిడ గురించి రాయాలంటే దగ్గుతోనే మొదలుపెట్టాలి. మా హాస్టల్ మేడకి పదహారు మెట్లు. కింది నుంచి మూడో మెట్టు మీద కాలు పెట్టగానే ఆవిడ దగ్గేవారు. జలుబు చేసి కాదు. ఎండాకాలమైనా వానాకాలమైనా అదే దగ్గు, అదే మెట్టు. అది వినపడగానే పైనున్న నలభై మంది ఆడపిల్లలకి సర్దుకోవడానికి ఇంకా పదమూడు మెట్ల గడువు దొరికేది. ఒకతె దిండు కింద వారపత్రిక దాచేది. ఒకతె కిటికీలోంచి రోడ్డు చూడడం మానేది. హీటరు మీద దొంగతనంగా కోడిగుడ్డు ఉడకబెట్టుకుంటున్న పిల్ల కంగారులో చెయ్యి కాల్చుకునేది. ఆవిడ పైకి వచ్చేసరికి అందరం పుస్తకాల మీద వాలిపోయి ఉండేవాళ్ళం. కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసి, "చదువుతున్నారా? చదవండి, చదవండి" అని వెళ్ళిపోయేవారు.

కొత్తగా చేరిన పిల్ల ఒకతె నిజంగానే జాలిపడి, "మేడం, ఆ దగ్గుకి మందు పుచ్చుకోకూడదాండీ?" అని అడిగింది.

"ఇదే మందమ్మా. నాక్కాదు, మీకు" అన్నారావిడ.

ఆవిడ పోయి పదకొండు రోజులైంది. గన్నవరం నుంచి ఆవిడ మేనల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. నేను ఫోన్ పెట్టేసి సరోజతో చెప్పాను. సరోజ స్టవ్ ఆపేసి, చేతులు తుడుచుకుని, వంటింట్లోనే పీట మీద కూర్చుంది. ఆ తర్వాత పప్పు మాడింది అని నేను, స్టవ్ ఆపేశాక ఎలా మాడుతుందని తను పోట్లాడుకున్నాం. మాకు దుఃఖం వచ్చినా అలాగే వస్తుంది.

పేరు రాయడం లేదు. ఆవిడ పేరు రాస్తే కాలేజీ పేరు చెప్పినట్టే, కాలేజీ పేరు చెప్తే అప్పటి ప్రిన్సిపాల్‌గారిని వీధిలోకి లాగినట్టే. ఆయనా పోయారు, ఎందుకు. బెజవాడలో ఒక ఆడపిల్లల కాలేజీ, దానికో హాస్టలు, ఆ హాస్టలుకో వార్డెను, అంతే అనుకోండి. జై ఆంధ్ర గొడవలు చల్లారి, కాలేజీలు మళ్ళీ సరిగ్గా నడవడం మొదలైన రోజులు.

పొట్టి మనిషి. తెల్లటి నూలు చీర, వేలెడు అంచు. ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చి ఉండేది, ఒక కొస ఎరుపు, ఇంకో కొస నీలం. క్లాసులో లెక్కలు చెప్పేవారు. తప్పుకి ఎరుపు, ఒప్పుకి నీలం. ఆ పెన్సిలుకి క్లాసు, హాస్టలు అన్న తేడా లేదు. మెస్సులో వంటమనిషి పలక మీద "సాంబారు" అని రాసి పెడితే, ఆవిడ ఒక గరిటె రుచి చూసి, ఆ మాట ఎర్రగా కొట్టేసి పక్కన "చారు" అని రాశారు. వంటమనిషి రెండు రోజులు అలిగాడు. మూడో రోజు సాంబారులో ముక్కలు కనిపించాయి.

వాళ్ళది గన్నవరం దగ్గర పల్లెటూరు, మూడు తరాల క్రైస్తవ కుటుంబం. పల్లెటూళ్ళో పుట్టి గేదెలంటే భయపడే మనిషిని నేను ఆవిడొక్కరినే చూశాను. ఆదివారం పొద్దున చర్చికి కాలవ గట్టు మీదుగా నడిచి వెళ్ళేవారు. ఎదురుగా గేదె వస్తే ఎండ ఉన్నా లేకపోయినా గొడుగు తెరిచి, దాని చాటున నిలబడేవారు. ఒకసారి నేను పక్కనే ఉండి, "దేవుడున్నాడు కదండీ మేడం, గేదెకి భయమెందుకు?" అన్నాను.

"దేవుడున్నాడు. గేదె కూడా ఉంది. గేదె దగ్గరగా ఉంది" అన్నారు గొడుగు దించకుండా.

ఆవిడ చేతిలో ఉండే పుస్తకాలన్నిటిలోకీ ఆవిడకి ప్రాణం విజిటర్ల రిజిస్టరు. ఆదివారం నాలుగు నుంచి అయిదు దాకా ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు పిల్లల్ని చూడొచ్చు. గేటు పక్క గదిలో బల్ల, బల్ల మీద పొడుగాటి పుస్తకం, అందులో గళ్ళు: వచ్చినవారి పేరు, ఎవరి కోసం, బంధుత్వం, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ. ఎవరెవరు రావచ్చో తండ్రి జూన్లోనే జాబితా రాసిచ్చి వెళ్ళేవాడు. జాబితాలో లేనివాళ్ళు వస్తే వార్డెను ఇష్టం. వచ్చినవాళ్ళు రాసే ప్రతి అక్షరం ఆవిడ చూసేవారు. ఒక కుర్రాడు వచ్చి బంధుత్వం గడిలో "అన్నయ్య" అని రాస్తే, "మీ నాన్నగారి పేరేంటి బాబూ?" అని అడిగారు. అతను సైకిలు కూడా అక్కడే వదిలేసి పారిపోయాడు. సైకిలు తీసుకోవడానికి వారం తర్వాత నిజంగా అన్నయ్యనే పంపాడు.

"నోటితో ఆడే అబద్ధం సంగతి దేవుడు చూసుకుంటాడు. రిజిస్టర్లో రాసే అబద్ధం సంగతి నేను చూసుకుంటాను" అనేవారు. ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఎవరు చెప్పినా నాలుగోది మొలిచేది కాదు.

ఇక సరోజ సంగతి. సరోజ నాకు రెండో ఏట రూమ్మేటుగా వచ్చింది. వాళ్ళది దివి తాలూకాలో ఒక పల్లె, వ్యవసాయం. మాది బందరు, నాన్న కోర్టు గుమాస్తా. నేను నోరుగల దాన్ని. సరోజ పదిమందిలో నోరు విప్పేది కాదు. నేను మాట్లాడుతుంటే నా జడ అల్లేది. ఎప్పుడు మొదలైందో చెప్పలేను. ఒక వేసవి సెలవులకి ఇళ్ళకి వెళ్ళేటప్పుడు బస్టాండులో తను వాళ్ళ బస్సు ఎక్కింది. ఆ బస్సు కదిలాక నాకు ఊపిరాడలేదు. అప్పుడు తెలిసింది. తనకి అంతకు ముందే తెలుసట. చెప్పలేదు.

మా దగ్గర ఆ సంగతికి మాట లేదు. ఈ రోజుల్లో పిల్లలకి మాటలున్నాయి, జెండా ఉంది. యూనివర్సిటీల్లో ఇలాంటి పిల్లల కోసం సంఘాలున్నాయట, ఏటా ఊరేగింపులు, పాటలు, పండగలు చేస్తారట. టీవీలో చూసి సరోజ, "చూడవే, ఎంత ధైర్యం" అంది. ధైర్యమే. అలాంటి పిల్లల్ని చూస్తే నాకు సంతోషం, కాస్త అసూయ కూడా. మా రోజుల్లో మా సంఘం మొత్తం ఒకే ఒక మనిషి. ఆ మనిషి కూడా సంఘంలా కనపడేది కాదు, లెక్కల మేడంలా కనపడేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ దగ్గారు, మేం వినలేదు. నిద్రపోయాం. నేను కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో తెల్లచీర. ఒకే మంచం మీద ఇద్దరం, సరోజ చెయ్యి నా నడుం మీద ఉంది, నా మొహం తన మెడలో ఉంది. స్నేహితురాళ్ళు ఒక మంచం మీద పడుకోరా అంటే పడుకుంటారు. కానీ చూసేవాళ్ళకి కళ్ళుంటే తేడా తెలుస్తుంది, ఆవిడకి కళ్ళున్నాయి. నేను లేవబోయాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, తలుపు మెల్లిగా దగ్గరికి వేశారు. వరండా ఊడుస్తున్న ఆయాతో, "ఆ గది రేపు ఊడుద్దువుగాని లే" అన్నారు. ఆ మాట నాకు లోపలికి వినపడింది.

మర్నాడు పిలిపించారు. రాత్రంతా కూర్చుని నేను నాలుగు అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ అవసరం పడలేదు.

"సరోజకి లెక్కల్లో ఎన్నొచ్చాయి?"

"నలభై ఒకటండీ."

"నీకు?"

"డెబ్బై ఎనిమిది."

"అయితే నువ్వు చెప్పు తనకి. ఇద్దరూ ప్యాసవ్వాలి, ఇద్దరికీ ఉద్యోగాలు రావాలి. జీతం తెచ్చుకునే ఆడవాళ్ళిద్దరు ఒక ఇంట్లో ఉంటే లోకం పాపం టీచరమ్మలు అంటుంది. జీతం లేకుండా ఉంటే ఇంకోటి అంటుంది. అర్థమైందా రాజ్యం?"

నాకు అర్థమైంది. మేం ఒకరితో ఒకరం కూడా అనుకోవడానికి భయపడిన సంగతిని ఆవిడ మార్కుల లెక్కలా చెప్పేశారు. ఒకే ఇంట్లో ఉండడం అనేది సాధ్యమని నాకు తెలిసింది ఆ గదిలోనే. దానికి కావలసింది సరోజ డిగ్రీ. అది లేకపోతే తనకి ఉన్నది ఊళ్ళో పెళ్ళొక్కటే.

ధైర్యం చేసి, "మీ మతంలో ఇది పాపం కాదాండీ?" అని అడిగాను.

"అయ్యుండొచ్చు. పైకెళ్ళాక కనుక్కుంటాను. ఈలోపల పరీక్షలున్నాయి" అన్నారు. నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, "ఇక నుంచి రెండుసార్లు దగ్గుతాలే" అన్నారు.

అప్పటి నుంచి నిజంగానే రెండుసార్లు దగ్గేవారు. మేడంకి క్షయ ఏమోనని పిల్లలు గుసగుసలాడుకున్నారు.

మూడో ఏడు అట్లతద్ది వచ్చింది. పెళ్ళికాని ఆడపిల్లలు తెల్లవారకముందే లేచి చద్దన్నం తిని, ఉయ్యాలలూగి, పగలంతా ఉపవాసముండి, సాయంత్రం చంద్రుణ్ణి చూశాక గౌరీదేవికి అట్లు నైవేద్యం పెట్టి, ఒక ముత్తయిదువకి పదకొండు అట్లు వాయనమిచ్చే నోము. మంచి మొగుడు రావాలని. హాస్టల్లో ఇవన్నీ ఏంటని ఎవరో అంటే మేడం, "పిల్లలు ఆకలని పెందలాడే అన్నం అడిగారు, పెట్టాను. దాన్ని మీరు పండగంటే నేనేం చెయ్యను" అన్నారట. పైగా సాయంత్రం మాతో పాటు పొయ్యి దగ్గర కూర్చుని అట్లు వేశారు. ఆవిడ వేసిన అట్టు ఒక్కటీ చెక్కుచెదరకుండా పెనం దిగలేదు.

ఏటా వాయనం పుచ్చుకోవడానికి పక్క వీధి నుంచి తెలుగు లెక్చరరుగారి భార్య వచ్చేది. ఆ ఏడు ఆవిడ పురిటికి వెళ్ళింది. ఆ సంగతి చంద్రుడు వచ్చాక గాని ఎవరికీ గుర్తురాలేదు. హాస్టల్లో ముత్తయిదువన్నది లేదు. ఆయా భర్త పోయిన మనిషి, మేడం పెళ్ళి చేసుకోని మనిషి. పళ్ళేలు పట్టుకుని పెరట్లో పాతికమంది నిలబడిపోయారు.

ఇక్కడే మేడం పొరపాటు చేశారు. ఏళ్ళ తరబడి దూరం నుంచి చూడడమే గాని వాయనం ఎవరికిస్తారో, ఎందుకిస్తారో ఆవిడకి సరిగ్గా తెలియదు. మంచి తోడు కోసం చేసే నోము అని విన్నారు, మిగతాది సొంతంగా అల్లుకున్నారు. చర్చిలో పాడే గొంతుతో అందరికీ వినపడేలా, "దీనికింత హైరానా ఏంటర్రా? జీవితాంతం ఎవరు తోడుండాలని కోరుకుంటున్నారో వాళ్ళకిచ్చెయ్యండి. అంతేగా దీని అర్థం?" అన్నారు.

పిల్లలు పడీ పడీ నవ్వారు. నవ్వి, సరదాగా ఒకరికొకరు ఇచ్చుకోవడం మొదలుపెట్టారు. ఒకతె గేటు దగ్గర వాచ్‌మన్ తాతకి ఇచ్చి వచ్చింది. ఆ గోలలో సరోజ నా ఎదురుగా వచ్చి నిలబడింది. కొంగు పళ్ళెం మీద కప్పి ఉంది. "ఇస్తినమ్మ వాయనం" అంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. "పుచ్చుకుంటినమ్మ వాయనం" అన్నాను. మూడుసార్లు అనాలి కదా, మూడోసారికి నాకు మాట రాలేదు, తల ఊపాను. తలెత్తి చూస్తే చుట్టూ నవ్వు ఆగిపోయి ఉంది. మా ఇద్దరి మొహాలూ అందరూ చూశారు. మేడం కూడా చూశారు. ఆవిడే ముందు తేరుకుని, "అట్లు చల్లారిపోతున్నాయి, తినండర్రా" అన్నారు.

నా జీవితంలో నాకు జరిగిన పెళ్ళి అదే. అప్పుడు తెలియలేదు, చాలా ఏళ్ళకి తెలిసింది.

సరోజ వాళ్ళ ఊరి పిల్ల భారతి అని ఒకతె ఉండేది. మంచిదే, నోట్లో నువ్వుగింజ నానదు. దీపావళికి ఊరెళ్ళి, వాళ్ళమ్మకి, సరోజ వాళ్ళమ్మకి హాస్టల్ కబుర్లు నవ్విస్తూ చెప్పింది. కిరస్తానీ మేడం అట్లు విరగ్గొట్టిందని, వాచ్‌మన్ తాతకి వాయనమిచ్చారని, సరోజ రాజ్యానికి ఇస్తూ ఏడ్చిందని. నవ్వుతూ చెప్పింది గాని పెద్దవాళ్ళు నవ్వలేదు. పైగా సరోజ ఆ దీపావళికి ఇంటికి వెళ్ళలేదు, నా దగ్గర లెక్కలు నేర్చుకుంటూ ఉండిపోయింది. రెండూ కలుపుకున్నారు.

నవంబరులో సరోజ మేనమామ దిగాడు. ఆయనకే సరోజని ఇవ్వాలని చిన్నప్పటి నుంచీ అనుకుంటున్నారు. చెడ్డవాడు కాదు. పెళ్ళికొడుకు, అంతే. ఒక గంపెడు చెరుకు ముక్కలు హాస్టల్ పిల్లలందరికీ తెచ్చాడు.

"పిల్లని తీసకెళ్దామని వచ్చానండీ."

"చాలా సంతోషమండీ. కూర్చోండి. తండ్రిగారి ఉత్తరం తెచ్చారా?"

తెచ్చాడు. మేడం చదివి, ముడిలోంచి పెన్సిలు తీసి ఎర్రగా ఒక గీత గీశారు. "కొన్నాళ్ళు పంపించండి అని రాశారు. ఎన్నాళ్ళో రాయాలండీ. రిజిస్టర్లో ఎక్కించాలి."

వాళ్ళ ఊరికి ఒక బస్సు, ఒక పడవ, ఆపైన నడక. పదిహేను రోజులకి మళ్ళీ వచ్చాడు. ఈసారి ఉత్తరం మీద తారీఖు లేదు. మూడోసారి తారీఖుంది, ప్రిన్సిపాల్‌గారి ద్వారా రాలేదు. ఆ మూడోసారి ఆయన కండువాతో మొహం తుడుచుకుని నవ్వేశాడు.

"మీకు పిల్లని పంపే ఉద్దేశం లేదు కదండీ?"

"లేదండీ. మార్చిలో పరీక్షలు. రాయనివ్వండి. రాశాక ఆ పిల్లకి ఇష్టమైతే పెళ్ళికి నన్ను కూడా పిలవండి, తప్పకుండా వస్తాను" అన్నారు మేడం.

విషయం, అట్లతద్ది కబురుతో సహా, ప్రిన్సిపాల్‌గారి దాకా వెళ్ళింది. ఆయన రాజీ చేశారు. సరోజ పరీక్షల దాకా హాస్టల్లోనే ఉంటుంది. నేను ఖాళీ చెయ్యాలి. కాలేజీలో వేరే సెక్షను. నేను స్నేహితురాలినని చెప్పి సరోజని చూడ్డానికి హాస్టలుకి రాకూడదు. నేను ట్రంకుపెట్టె సర్దుతుంటే మేడం వచ్చారు. దగ్గలేదు. మంచం అంచున కూర్చున్నారు.

"ముత్తయిదువకే ఇవ్వాలట కదే. భారతి చెప్పింది నిన్న" అన్నారు. "నాకు తెలియదు రాజ్యం. తెలియక నేనన్న మాటకి మీరు పదిమందిలో బయటపడ్డారు. తప్పు నాది."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం నేను చూడడం అదే మొదలు. "అట్లు బాగున్నాయండీ" అన్నాను.

భవానీపురంలో మా పిన్ని ఇంటికి చేరాను. ఆ ఆదివారం సిటీ బస్సులో హాస్టలుకి వెళ్ళాను. నాలుగు దాటింది. నా వెనక ఇద్దరు తండ్రులు జంతికల డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు. పుస్తకంలో నా పేరు రాశాను. ఎవరి కోసం దగ్గర సరోజ అని రాశాను. బంధుత్వం గడిలో "పెద్దమ్మ కూతురు" అని రాశాను. మేడం పుస్తకం తన వైపు తిప్పుకుని చూసి, పెన్సిలు తీసి ఆ రెండు మాటలూ ఎర్రగా కొట్టేశారు.

"నా రిజిస్టర్లో అబద్ధమా?"

నాకు ఏడుపొచ్చింది. "మరేం రాయమంటారండీ? స్నేహితురాలని రాస్తే రానివ్వొద్దన్నారు కదా."

"అది కూడా అబద్ధమే" అన్నారావిడ.

అంతే, ఇక నన్ను పంపించేస్తారనుకున్నాను. వెనకున్న తండ్రి ఒకాయన, "తొందరగా కానివ్వండమ్మా" అన్నాడు. మేడం ఆయన వైపు చూడకుండా కలం మూత తీశారు. కొట్టేసిన మాటల పైన, చిన్న అక్షరాలతో, "తన మనిషి" అని రాశారు. పక్కన సంతకం చేశారు. పెన్సిలు తిప్పి నీలం కొసతో ఒక టిక్కు పెట్టారు.

"వెళ్ళు. నాలుగూ పదయింది. అయిదింటికి గంట కొడతారు."

మన వైపు ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. ఒంట్లో బాగోకపోతే ముందు ఎవరికి కబురు పెడతామో వాళ్ళు. మా సంగతికి మాట లేదని ఇందాక రాశాను. మేం వెతకలేదు గాని మాట ఉంది, ఊరందరి నోట్లోనూ ఉన్నదే. ఆవిడ దాన్ని తీసి గడిలో పెట్టారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆదివారమూ నేను పేరు రాసేదాన్ని, ఆ గడి ఆవిడే నింపేవారు.

మార్చిలో, పరీక్షలకి వారం ముందు, మేనమామ మళ్ళీ వచ్చాడు. ఆయన కూడా పుస్తకంలో రాయాలి. "మేనమామ" అని రాసి, పై వరసలో ఏముందో చూశాడు. పేజీ వెనక్కి తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. అప్పుడు నేను ఆ పక్క గదిలో సరోజ దగ్గరే ఉన్నాను, కిటికీలోంచి ఇద్దరికీ అంతా కనపడుతోంది, వినపడుతోంది. సరోజ నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి.

"ఏందండీ ఇది?"

"నేనే రాశానండీ. పక్కన సంతకం ఉంది."

"నిజమేనా?"

"నిజం కాకపోతే నేను రాయను."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. మంచినీళ్ళడిగి తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. "మరి మా అక్కకి నేనేం చెప్పాలండీ?" అన్నాడు చివరికి.

"నోటితో చెప్పేది మీ ఇష్టమండీ" అన్నారు మేడం.

ఆయన ఊరెళ్ళి, పిల్లకి చదువు పిచ్చి పట్టింది, టీచరు ట్రైనింగు కూడా చేస్తుందట, అన్నేళ్ళు నేను ఆగలేను, నాకు వేరే సంబంధం చూడండి అన్నాడట. వైశాఖంలో పెళ్ళి చేసుకున్నాడు. ఆ మనిషికి నేను ఏనాడూ కృతజ్ఞత చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పుకుందామన్నా లేడు. సరోజకి లెక్కల్లో అరవై రెండు వచ్చాయి. వాళ్ళమ్మ మాత్రం ఆరేళ్ళు తనతో మాట్లాడలేదు.

ఆ రిజిస్టరు ప్రిన్సిపాల్‌గారి బల్ల మీదికి కూడా వెళ్ళింది. "అబద్ధమైతే మీరే కొట్టెయ్యండి" అని మేడం ఆయనకి పెన్సిలు ఇచ్చారట. ఆయన కొట్టెయ్యలేదు. కానీ వేసవి సెలవుల తర్వాత వార్డెను పని ఇంకొకరికి ఇచ్చారు. ఆవిడకి హాస్టల్లో ఉన్న రెండు గదుల ఇల్లూ పోయింది. బి.ఇడి.లో చేరాక ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళి, ఎందుకు మానేశారని అడిగాను. "మోకాళ్ళు నొప్పులమ్మా, మెట్లెక్కలేకపోతున్నాను" అన్నారు. నిజం నాకు భారతి చెప్పింది, నాలుగేళ్ళ తర్వాత.

మాకిద్దరికీ గుడివాడ దగ్గర బళ్ళల్లో ఉద్యోగాలొచ్చాయి. ఒకే ఇల్లు తీసుకున్నాం. లోకం ఆవిడ చెప్పినట్టే పాపం టీచరమ్మలంది. ఇంటివాళ్ళకి, జనాభా లెక్కలకి వచ్చినవాళ్ళకి, పక్కింటివాళ్ళకి, అడిగిన ప్రతివాళ్ళకీ అక్కచెల్లెళ్ళమని చెప్పాం. చెప్పీ చెప్పీ నోటికి అలవాటైపోయింది.

రెండు నెలల క్రితం ఆవిణ్ణి చూడ్డానికి గన్నవరం వెళ్ళాం. వరండాలో మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చోబెట్టారు. ముడి లేదు, జుట్టు పొట్టిగా కత్తిరించారు. "అత్తయ్య ఎవర్నీ గుర్తుపట్టట్లేదండీ" అని మేనల్లుడు ముందే చెప్పాడు. మా పేర్లు చెప్పాం, కాలేజీ పేరు చెప్పాం. ఆవిడ మర్యాదగా తల ఊపారు, ఎవరికో ఊపినట్టు. కాసేపటికి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి అడిగారు.

"ఎవరమ్మా మీరు? అక్కచెల్లెళ్ళా?"

అవునండీ అనబోయాను. అలవాటు. నా కంటే ముందు సరోజ, పదిమందిలో నోరు విప్పని సరోజ, "కాదు మేడం" అంది. "మేమిద్దరం కలిసి బతుకుతున్నామండీ. మొగుడూ పెళ్ళాం బతికినట్టే."

మేనల్లుడి భార్య టీ గ్లాసులతో గుమ్మంలో ఉంది. నేను నేల చూశాను. అంతవరకూ మా ఇంటి గోడలకి కూడా మేం వినిపించని మాట అది.

మేడం ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఎన్నేళ్ళయింది?" అన్నారు.

"నలభై మూడండీ."

ఆవిడ పెదవులు కదిలాయి, లెక్క వేసుకుంటున్నట్టు. "మరి ఇద్దర్లో ఒకరు ముందు పోతే రెండో మనిషిని ఎవరు చూస్తారు?" అన్నారు.

"నేనుండగా ఈవిణ్ణి పోనివ్వనండీ" అంది సరోజ. "అది సమాధానం కాదు" అన్నారు మేడం, క్లాసులో అన్నట్టే. తర్వాత కళ్ళు మూసుకున్నారు, నిద్ర పట్టింది. టీ తాగి వచ్చేశాం. గేటు దాకా వచ్చిన మేనల్లుడి భార్య సరోజ రెండు చేతులూ పట్టుకుని, నొక్కి వదిలింది.

మాకు తెలిసిన ప్రతి జంటనీ ఈ వయసులో ఎవరో ఒకరు ఆ ప్రశ్న అడుగుతారు. కొడుకులు అడుగుతారు, బంధువులు అడుగుతారు, ఏమీ లేకపోతే ఎదురింటివాళ్ళయినా అడుగుతారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. అక్కచెల్లెళ్ళని అలా అడగరు. మేమెవరో తెలియని ఆ మనిషి మేం చెప్పింది విని, నమ్మి, జంటని అడిగినట్టు అడిగారు. బస్సులో ఇద్దరం ఏడ్చాం. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసులు ముందు పెట్టుకుని, ఎవరు ముందు పోతే ఎవరేం చెయ్యాలో మొదటిసారి మాట్లాడుకున్నాం, పెళ్ళయి ముసలివాళ్ళయినవాళ్ళు మాట్లాడుకున్నట్టు.